పాత సీఎన్‌సీ లేతుకు కొత్త కంట్రోల్: పెట్టాలా, రిపేరు చేయించాలా, వదిలేయాలా

తెర మసకబారింది. నెలకోసారి 414 అలారం (సర్వో మోటారు వైపు లోపం) వచ్చి మెషిన్ ఆగుతోంది. కార్డు పంపిస్తే ఇరవై రోజులకు గానీ తిరిగి రావడం లేదు. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలోనైనా, విజయవాడ, విశాఖ ఆటోనగర్లలోనైనా ఫానక్ 0టీ అనే పాత కంట్రోల్ (మెషిన్‌ను నడిపే కంప్యూటరు) కాలం నాటి లేతు నడుపుతున్న యజమాని ఏదో ఒక రోజు ఈ ప్రశ్న దగ్గరికి వస్తాడు: కంట్రోల్ మార్పించాలా? రెట్రోఫిట్ చేసేవాళ్లు, అంటే పాత మెషిన్‌కు కొత్త కంట్రోల్ పెట్టేవాళ్లు, అవునంటారు, కొత్త మెషిన్ అమ్మేవాళ్లు వద్దంటారు. ఇద్దరి మాటా వినే ముందు డయల్ తీసి మెషిన్‌ను కొలవాలి. రెట్రోఫిట్‌తో మారేది కరెంటు వైపు మాత్రమే. అరిగిన బెడ్డు, వదులైన స్పిండిల్ బేరింగు, గుద్దుకుని పక్కకు జరిగిన టరెట్ (టూల్స్ పట్టుకుని తిరిగే తల) ఎంత మంచి కంట్రోల్ పెట్టినా అలాగే ఉంటాయి. డబ్బు పోయిన రెట్రోఫిట్లలో ఎక్కువ శాతం ఈ కొలతలు తీయకుండా మొదలుపెట్టినవే.

ముందు ఇనుము కొలవండి

కావలసినవి: 0.001 మి.మీ. లీవర్ డయల్, 0.01 ప్లంజర్ డయల్, మ్యాగ్నెటిక్ స్టాండు, మీటరుకు 0.02 మి.మీ. చూపే స్పిరిట్ లెవెల్, మైక్రోమీటరు, 60 మి.మీ. ఈఎన్8 రాడ్డు ముక్క. మెషిన్ ఇంకా నడుస్తున్నప్పుడే ఈ పని చేయాలి. కంట్రోల్ పూర్తిగా చచ్చిపోయాక ఇందులో సగం పరీక్షలు కుదరవు.

మొదట లెవెల్ చూడండి. స్లాంట్ బెడ్ (ఏటవాలు బెడ్డు) అయితే తయారీదారు ఇచ్చిన ప్యాడ్ల మీదే పెట్టాలి. పునాది కుంగి బెడ్డు మెలిపడి ఉంటే తర్వాత తీసే ఏ కొలతనూ నమ్మలేం. ఏళ్ల తరబడి టేపర్ ఇస్తున్న మెషిన్ ఒక్కోసారి జాక్ బోల్టులు సరిచేయగానే దారిలో పడుతుంది. అప్పుడు కంట్రోల్ మార్చే ఆలోచనే అక్కర్లేదు.

తర్వాత బ్యాక్‌లాష్, అంటే స్లైడును నడిపే బాల్‌స్క్రూ దిశ మార్చినప్పుడు కనబడే ప్లే. కంట్రోల్‌లో ఉన్న కాంపెన్సేషన్ (దిద్దుబాటు) విలువలను కాగితం మీద రాసుకుని, సున్నా చేసి కొలవండి. ఫానక్ 0టీలో ఆ పారామీటర్లు ఎక్స్‌కు (బెడ్డుకు అడ్డంగా) 535, జెడ్‌కు (బెడ్డు పొడవునా) 536. ఇది చేయకపోతే మీకు కనబడేది కంట్రోల్ దిద్దిన అంకె, అసలు ప్లే కాదు. డయల్‌ను బెడ్డుకు బిగించి ముల్లును టరెట్‌కు ఆనించండి. హ్యాండ్‌వీల్‌తో ఒకే దిశలో కొంత దూరం నడిపి డయల్ సున్నా చేసి, వెనక్కి తిప్పుతూ ముల్లు కదిలే వరకు ఎంత పోయిందో లెక్కపెట్టండి. ఎక్స్‌లో వ్యాసం లెక్కన ప్రోగ్రామింగ్ ఉంటే 0.01 కదిపినప్పుడు డయల్ 0.005 చూపిస్తుంది. అది లెక్క వల్ల వచ్చే తేడా, దాన్ని ప్లే కింద కలపకండి.

ఈ కొలతను జెడ్‌లో మూడు చోట్ల తీయాలి: చక్ దగ్గర, మధ్యలో, టెయిల్‌స్టాక్ వైపు. అసలు సమాచారం ఈ మూడింటి మధ్య తేడాలో ఉంది. మూడు చోట్లా 0.025 ఉంటే భయం లేదు, పారామీటర్‌తో సరిపోతుంది. చక్ దగ్గర 0.04, చివర 0.01 ఉంటే స్క్రూ ఒక్క చోటే అరిగింది. రోజంతా పని జరిగేది అక్కడే కాబట్టి అలాగే అరుగుతుంది. బ్యాక్‌లాష్ కాంపెన్సేషన్‌కు ఒకే అంకె ఇస్తాం, అది రెండు చోట్లా నిజం కాదు. ఇలాంటి మెషిన్‌కు బాల్‌స్క్రూ ఖర్చు కలపకుండా రెట్రోఫిట్ లెక్క వేయకూడదు.

ప్లే ఎక్కడి నుంచి వస్తోందో కూడా తేల్చుకోవాలి, ఖర్చు దాన్ని బట్టే ఉంటుంది. స్క్రూ చివరి సెంటర్ రంధ్రంలో గ్రీజుతో ఒక స్టీలు బాల్ అంటించి, చదునైన ముల్లున్న డయల్ ఆనించి దిశ మార్చి చూడండి. స్క్రూయే ముందుకూ వెనక్కూ కదిలితే లోపం థ్రస్ట్ బేరింగులోనో లాక్‌నట్‌లోనో ఉంది, చవకగా పోతుంది. స్క్రూ కదలకుండా స్లైడు మాత్రం ఆలస్యంగా కదిలితే లోపం బాల్‌నట్‌లో. మోటారు తిరిగినా స్క్రూ తిరగకపోతే కప్లింగు, కీ లేదా బెల్టు చూడండి. ముందుగా గిబ్‌లు (స్లైడు వదులు సరిచేసే పట్టీలు) కూడా తనిఖీ చేయాలి. అవి వదులైతే స్లైడు దిశ మార్చిన ప్రతిసారీ ఒరిగి, స్క్రూలో ప్లే ఉన్నట్టే చూపిస్తుంది.

స్పిండిల్ నోస్ మీద రనౌట్ (తిరిగేటప్పుడు వచ్చే ఊగు) 0.005 లోపు ఉండాలి. చక్ కింద కర్రదుంగ పెట్టి పైకి ఎత్తి వదిలినప్పుడు డయల్ 0.01 కంటే ఎక్కువ ఆడితే బేరింగు ప్రీలోడు పోయినట్టే. గరిష్ఠ వేగంలో 80 శాతం దగ్గర గంట సేపు తిప్పి ముందు బేరింగు హౌసింగ్ వేడి చూడండి. షెడ్డు వేడి కంటే 30 డిగ్రీలు మించితే అనుమానించాలి.

టరెట్‌కు రెండు పరీక్షలు. ఒకే స్టేషన్‌ను పది సార్లు పూర్తి చుట్టు తిప్పి తెచ్చి ప్రతిసారీ డయల్ చూడండి. 0.005 లోపు తేడా వస్తే మంచిది, 0.015 దాటితే క్లాంపింగు పట్టు తగ్గినట్టు, లేదా కప్లింగు పళ్లు దెబ్బతిన్నట్టు. రెండోది, డయల్‌ను చక్‌కు బిగించి బోరింగ్ బార్ హోల్డరు రంధ్రం చుట్టూ చేత్తో తిప్పడం. సెంటరు ఎత్తులో తేడా ఉంటే ఎప్పుడో టరెట్ గుద్దుకుంది. బోల్టులు వదులు చేసి సరిచేయగలిగేదే, కానీ ఆ పని ఎవరు చేస్తారో ముందే రాసుకోవాలి.

చివరగా కోత. ఈఎన్8 ముక్కను చక్ నుంచి 150 మి.మీ. బయటికి పెట్టి, టెయిల్‌స్టాక్ లేకుండా 0.1 లోతుతో ఫినిష్ పాస్ వేయండి. మూడు చోట్ల కొలిచినప్పుడు సమంగా పెరిగే టేపర్ వస్తే హెడ్‌స్టాక్ అలైన్‌మెంట్‌తో పోవచ్చు. కొలత మధ్యలో ఉబ్బినా, చక్ దగ్గర ఒక్కసారిగా మారినా బెడ్డు అరిగినట్టు. స్యాడిల్ కింది టర్కైట్ (జారుడు పొర) మార్చుకోవచ్చు, లీనియర్ గైడ్ ఉన్న మెషిన్ అయితే రైళ్లు, బ్లాకులు మార్చుకోవచ్చు. గట్టిపరిచిన బాక్స్ బెడ్డు అరిగితే మాత్రం మెషిన్ మొత్తం విప్పి గ్రైండింగుకు పంపాలి. చిన్న లేతుకు అంత ఖర్చు ఎప్పటికీ గిట్టదు. అక్కడితో ఆపేసి, నడిచినన్నాళ్లు రఫింగ్ పనికి వాడుకోండి.

లోపం నిజంగా కంట్రోల్‌దేనా?

ఇనుము బాగుంటే తర్వాతి ప్రశ్న ఇది. గత ఆరు నెలల బ్రేక్‌డౌన్ పుస్తకం తీసి ప్రతి ఆగుడు పక్కన కారణం రాయండి. పుస్తకం లేకపోతే ఇవాళే మొదలుపెట్టి మూడు నెలలు ఆగండి. "కంట్రోల్ ప్రాబ్లం" అని రాసిన వాటిలో చాలా భాగం కూలెంట్ తాగిన ఎన్‌కోడర్ (తిరుగుడు కొలిచే సెన్సరు) కేబులు, కాలిపోయిన కాంటాక్టరు, తుప్పు పట్టిన లిమిట్ స్విచ్, ఎండిపోయిన లూబ్ డిస్ట్రిబ్యూటరు దగ్గరే తేలతాయి. 414, 424 లాంటి సర్వో అలారాలకు మోటారు కేబులు ఎర్త్‌కు కారడం కూడా ఒక కారణం. కేబుల్‌ను రెండు చివరలా విప్పాక మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడితే తెలిసిపోతుంది. కార్డులకు కలిపి ఉండగా మాత్రం ఎప్పుడూ మెగ్గర్ పెట్టకండి.

మసకబారిన పాత తెర స్థానంలో ఎల్‌సీడీ తెర దొరుకుతుంది, ఒక పూట పని. పవర్ సప్లైలో ఉబ్బిన కెపాసిటర్లు, ఆగిన ఫ్యాన్లు, అరిగిన డీసీ మోటారు బ్రష్‌లు రిపేరు కింద వస్తాయి. మెమరీ పోవడం తరచుగా బ్యాటరీ నిర్లక్ష్యమే: 0టీలో మూడు డి సైజు ఆల్కలైన్ సెల్స్ ఉంటాయి, వాటిని ఏడాదికోసారి మెషిన్ ఆన్‌లో ఉండగానే మార్చాలి. "మెమరీ చాలడం లేదు" అనేది రెట్రోఫిట్‌కు బలహీనమైన కారణం. టర్నింగ్ ప్రోగ్రాములు చిన్నవి, పాత కంట్రోల్‌కు ఆర్‌ఎస్ 232 అనే సీరియల్ పోర్టు ద్వారా కార్డు రీడర్ పెట్టుకుంటే సరిపోతుంది. కంట్రోల్ మార్చితే వేగం పెరుగుతుందన్న మాటా జాగ్రత్తగా వినాలి. బాక్స్ స్లైడు, పాత స్క్రూ, పాత లూబ్ వ్యవస్థ ఏ ర్యాపిడ్‌కు (కోత లేనప్పుడు స్లైడు పరిగెత్తే వేగానికి) కట్టారో ఆ ర్యాపిడ్‌కే సుఖంగా నడుస్తాయి.

నిజమైన కారణాలు ఇవి: ఒకే మాస్టర్ బోర్డో యాక్సిస్ కార్డో పదేపదే పోవడం, మార్పిడి కార్డులు కూడా పాతవే దొరకడం, డ్రైవ్‌లకు విడిభాగాలు లేకపోవడం, మెషిన్ మాత్రం ఇంకా సైజు నిలబెట్టడం. నాలుగూ కలిసినప్పుడు రెట్రోఫిట్ గురించి గట్టిగా ఆలోచించాలి.

ఎంతవరకు మార్చాలి

చాలామందికి తెలియని తిరకాసు ఒకటుంది. ఫానక్ 6టీ లాంటి మరీ పాత మెషిన్లలో కంట్రోల్ నుంచి డ్రైవ్‌కు వెళ్లేది అనలాగ్ వోల్టేజీ. డ్రైవ్‌లు, డీసీ మోటార్లు బాగుంటే వాటిని ఉంచి, ప్లస్ మైనస్ 10 వోల్టులు ఇవ్వగల కొత్త కంట్రోల్ పెట్టుకోవచ్చు. తర్వాత వచ్చిన 0టీ డిజిటల్ సర్వోలో మోటారు కరెంటు లూప్ కూడా కంట్రోల్‌లోని యాక్సిస్ కార్డే నడుపుతుంది. డ్రైవ్ దాని మాట వినే యాంప్లిఫయర్ మాత్రమే. అందుకే కంట్రోల్ తీస్తే డ్రైవ్‌లూ, చాలాసార్లు మోటార్లూ వెంట పోతాయి. సీరియల్ పల్స్‌కోడర్ (ఫానక్ ఎన్‌కోడరు) ఉన్న మోటారును వేరే కంపెనీ కంట్రోల్ సాధారణంగా చదవలేదు. "మోటార్లు అవే వాడతాం" అని కొటేషన్‌లో రాస్తే ఏ ఎన్‌కోడర్‌తో అని అడగండి.

కొత్త సర్వో మోటారు ఎంపికలో పవర్ ఒక్కటే చూడకూడదు. స్క్రూ పిచ్ 10 మి.మీ., నేరు కప్లింగు, 2000 చుట్లు అయితే నిమిషానికి 20 మీటర్లు. పాత ర్యాపిడ్ 12 మీటర్లయితే 1200 చుట్లే చాలు, మిగతాది టార్క్‌లో తీసుకోండి. ఫ్లాంజి కొలత, షాఫ్టు టేపరా సూటిగా ఉందా అన్నది, అడాప్టరు ప్లేటు, కప్లింగు ముందే డ్రాయింగు మీద తేల్చుకోవాలి. స్లాంట్ బెడ్డు ఎక్స్ మోటారుకు బ్రేకు తప్పనిసరి.

స్పిండిల్ మోటారు, డ్రైవ్ బాగుండి 0 నుంచి 10 వోల్టుల అనలాగ్‌తో వేగం తీసుకునేవైతే ఉంచేయండి. ఖర్చులో పెద్ద ముక్క మిగులుతుంది. దాన్ని తీసి మామూలు ఇండక్షన్ మోటారు, వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) పెడతామని ఎవరైనా చెబితే తొందరపడకండి. తక్కువ చుట్లలో పెద్ద వ్యాసం రఫింగ్ చేసేటప్పుడు పవర్ పడిపోతుంది, బ్రేకింగ్ రెసిస్టరు సరిగా లేకపోతే స్పిండిల్ ఆగడానికే సైకిల్ టైము పోతుంది. థ్రెడింగ్‌కు, చుట్టుకు ఫీడుకు స్పిండిల్‌తో ఒకటికి ఒకటిగా తిరిగే 1024 పల్సుల ఎన్‌కోడరు, దాని ఇండెక్స్ పల్సు కావాలి. పాత ఎన్‌కోడరు బెల్టు ఒక్క పన్ను జారినా థ్రెడ్ చెడుతుంది. కొత్త కంట్రోల్ పెట్టే రోజునే బెల్టు మార్చేయండి.

కంట్రోల్ ఎంపికలో చుట్టుపక్కల సెట్టర్లకు ఏది వచ్చు, రాత్రి షిఫ్టులో ఆగితే ఎవరు వస్తారు అన్నవి క్యాటలాగులోని ఫీచర్ల కంటే ముఖ్యం. ఫానక్ 0ఐ-టీఎఫ్, సీమెన్స్ 808డీ, 828డీ, వాటికంటే తక్కువ ధరలో సింటెక్, జీఎస్‌కే, డెల్టా ఉన్నాయి. పాత ప్రోగ్రాములు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి: 6టీలో జీ71 (రఫింగ్ సైకిల్) ఒకే వరుసలో రాసేవారు, 0టీ తర్వాతి వాటిలో రెండు వరుసలు. మొత్తం తిరగరాయాల్సి వస్తే అది కూడా ఖర్చే. లైనక్స్‌సీఎన్‌సీ, మీసా 7ఐ77 కార్డుతో పాత అనలాగ్ డ్రైవ్‌లను నడపడం సాంకేతికంగా బాగా కుదురుతుంది, జీ76 థ్రెడింగూ జీ96 స్థిర కోత వేగమూ ఉన్నాయి. షాపులో దాన్ని అర్థం చేసుకున్న మనిషి స్థిరంగా ఉంటేనే ఉత్పత్తి మెషిన్‌కు పెట్టండి. ఆ మనిషి మానేస్తే మెషిన్ అనాథ అవుతుంది.

లెక్క

ఉదాహరణ అంకెలతో చూద్దాం, మీవి మీరు వేసుకోండి. మెషిన్ గంట రేటు 400 రూపాయలు, రోజుకు 16 గంటలు. నెలకు 40 గంటలు ఆగుతోంది, రిపేర్లకు 10,000 పోతోంది. మొత్తం నష్టం 26,000. రెట్రోఫిట్‌కు 9,00,000 అయితే 35 నెలల్లో తిరిగొస్తుందని అనిపిస్తుంది. కానీ పుస్తకం చూస్తే ఆ 40 గంటల్లో కంట్రోల్, డ్రైవ్‌ల వాటా 25 గంటలే, రిపేరు ఖర్చులో 7,000 మాత్రమే. మిగతాది చక్ సీళ్లు, హైడ్రాలిక్ పంపు, కూలెంటు. కొత్త కంట్రోల్ వాటిని ఆపదు. అంటే నెలకు మిగిలేది 17,000, తిరిగి రావడానికి 53 నెలలు. బ్రేక్‌డౌన్ పుస్తకం లేకుండా వేసే లెక్కకు, ఉండి వేసే లెక్కకు తేడా ఇంత.

ఆ 9 లక్షల్లో మెషిన్ ఖాళీగా ఉండే రోజులు కూడా ఉండాలి. ప్యానెల్ బయట కట్టి తెచ్చినా సైట్ పని మూడు వారాలు పడుతుందనుకోండి: 18 పని దినాలు, రోజుకు 6,400 చొప్పున 1,15,200. ప్యానెల్‌ను మీ షెడ్డులోనే కడితే ఇది రెట్టింపు కూడా కావచ్చు.

మా గీత ఇది: ఇనుము పనులతో కలిపి మొత్తం ఖర్చు అదే సైజు మంచి కండిషన్‌లో ఉన్న మెషిన్ ధరలో సగం దాటితే వదిలేయండి. ఈ గీతకు చిన్న మెషిన్లు దాదాపు ఎప్పుడూ ఓడిపోతాయి. రెండు యాక్సిస్‌ల కంట్రోల్ ధర ఆరంగుళాల చక్ లేతుకూ, మూడు మీటర్ల బెడ్డున్న లేతుకూ పెద్దగా మారదు. మెషిన్ ధర మాత్రం ఎన్నో రెట్లు మారుతుంది. అందుకే రోల్ టర్నింగ్ లేతులు, వీటీఎల్‌లు (నిలువు లేతులు), పైపు థ్రెడింగ్ లేతులు, హెచ్‌ఎంటీ బరువైన లేతులకు రెట్రోఫిట్ బాగా గిడుతుంది. ఆరు, ఎనిమిది అంగుళాల చక్ మెషిన్‌కు రిపేరు, లేదంటే మార్పిడి.

విప్పే ముందు తీసుకోవాల్సినవి

పెట్టాలనే తేలితే, మెషిన్ నడుస్తుండగానే ఈ సమాచారం తీయాలి. పారామీటర్లు, ప్రోగ్రాములు, ఆఫ్‌సెట్లు ఆర్‌ఎస్ 232 మీద పంచ్ చేయండి, అంటే బయటికి పంపి దాచుకోండి. 0టీకి సాధారణంగా 4800 బాడ్, 7 బిట్లు, ఈవెన్ ప్యారిటీ, 2 స్టాప్ బిట్లు. ఆప్షన్లుండే 900 వరుస పారామీటర్లను తెర ఫొటో కూడా తీసి ఉంచండి. ల్యాడర్ (టరెట్, చక్ లాంటివి నడిపే ప్రోగ్రాము) ఈప్రామ్ చిప్పుల్లో ఉంటుంది కాబట్టి బ్యాటరీ పోయినా పోదు, కానీ టైమర్లు, కీప్ రిలేలు పోతాయి, వాటినీ రాసుకోండి.

అన్నిటికంటే విలువైనది టరెట్ పట్టిక. డయాగ్నోసిస్ పేజీ తెరిచి ఒక్కో స్టేషన్ దగ్గర ఏ ఇన్‌పుట్ బిట్లు వెలుగుతున్నాయో, క్లాంప్, అన్‌క్లాంప్ సిగ్నళ్లు ఏ వరుసలో వస్తున్నాయో, ఏ సోలినాయిడ్ ఎంతసేపు ఆన్‌లో ఉందో రాయండి. ఫోన్‌లో వీడియో తీస్తే ఇంకా మంచిది. కొత్త ల్యాడర్ రాసేవాడికి ఎక్కువ రోజులు తినేది టరెట్టే. ఈ పట్టిక లేకపోతే అతను ఊహించి రాస్తాడు, ఊహ తప్పితే టరెట్ క్లాంప్ కాకముందే స్లైడు కదులుతుంది. హైడ్రాలిక్ ప్రెషర్లు, లూబ్ సమయాలు, స్పిండిల్ గేరు రేంజిలు, రిఫరెన్స్ పాయింటు నుంచి చక్ ముఖానికి దూరం కూడా ఇదే కాగితంలో చేర్చండి.

విప్పేటప్పుడు స్లాంట్ బెడ్డు ఎక్స్ స్లైడు కింద కర్రదుంగ పెట్టాకే మోటారుకు చేయి వేయాలి. మోటారు వదలగానే స్లైడు కిందికి జారుతుంది, చేతులు విరుగుతాయి. పవర్ తీసినా డ్రైవ్ కెపాసిటర్లలో వోల్టేజీ ఉంటుంది. పదిహేను నిమిషాలు ఆగి, మీటరుతో చూసి ముట్టుకోండి.

కొటేషన్‌లో రాయించుకోవాల్సినవి

అన్ని ఇన్‌పుట్లు, అవుట్‌పుట్ల జాబితా, పైన 20 శాతం ఖాళీ. కొత్త కేబుళ్లు అన్నీనా, ప్యానెల్ లోపలివేనా? పాత 110 వోల్టుల ఏసీ సోలినాయిడ్లు ఉంచితే మధ్యలో రిలేలు, ప్రతి కాయిల్‌కు స్నబ్బరు. 24 వోల్టుల డీసీకి మారితే ప్రతి కాయిల్‌కు డయోడు. ఇవి లేకపోతే చక్ తెరిచిన ప్రతిసారీ వచ్చే స్పార్కు నాయిసు వల్ల కారణం తెలియని అలారాలు వస్తాయి. 200 వోల్టుల డ్రైవ్‌లయితే మన 415 వోల్టుల సప్లైకి ట్రాన్స్‌ఫార్మరు ఎవరిది, దాని కేవీఏ ఎంత అన్నది రాయాలి. ప్యానెల్‌కు ఏసీ యూనిట్, తలుపుకు కొత్త గ్యాస్కెట్. మన ఎండాకాలంలో షెడ్డు వేడికి కొత్త డ్రైవ్‌లను చంపేది ఎక్కువగా ఈ లోటే.

ఎమర్జెన్సీ స్టాప్ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడకుండా సేఫ్టీ రిలే ద్వారా నేరుగా డ్రైవ్ పవర్‌ను తీసేయాలి. చక్ ప్రెషరు తక్కువైతే స్పిండిల్ మొదలు కాకూడదు, స్పిండిల్ తిరుగుతుంటే చక్ పెడల్ పనిచేయకూడదు. ఈ రెండూ మీ ముందు చేసి చూపించాలని కాగితం మీద ఉండాలి. ల్యాడర్ సోర్సు, పాస్‌వర్డు, పారామీటర్ బ్యాకప్, వైరింగ్ డ్రాయింగు మీ చేతికి ఇవ్వాలి. పాస్‌వర్డు ఇవ్వనివాడితో పని మొదలుపెట్టకండి. చెల్లింపులో కనీసం 15 శాతం అంగీకార పరీక్ష దాకా ఆపుకోండి. ఆ పరీక్షలో మీ సొంత జాబ్ 30 ముక్కలు వరుసగా, ఆఫ్‌సెట్ ముట్టకుండా. టరెట్ పది చుట్ల డయల్ పరీక్ష. ఒక జీ76 థ్రెడ్. జెడ్‌కు లేజర్‌తో పిచ్ ఎర్రర్ కొలత ఉండాలి.

మొదటి స్విచ్

మోటార్లను కప్లింగు నుంచి విడదీసి ఉంచి పవర్ ఇవ్వాలి. ఎన్‌కోడరు దిశ తారుమారైతే మోటారు గరిష్ఠ వేగంతో పరిగెత్తుతుంది. అది ఒంటరిగా తిరిగితే నష్టం లేదు, స్లైడుతో కలిసి తిరిగితే స్క్రూ, బేరింగు రెండూ పోతాయి. దిశ, స్కేలు సరి చూశాక కప్లింగు బిగించి, ర్యాపిడ్‌ను పావు వంతుకు తగ్గించి, ఓవర్‌ట్రావెల్ స్విచ్‌లను చేత్తో నొక్కి ఒక్కొక్కటీ పరీక్షించండి. పాత బాక్స్ స్లైడ్లకు గెయిన్ (సర్వో స్పందించే తీవ్రత) ఎక్కువ పెడితే వణుకుతాయి, ఆగిన చోట కీచుమంటాయి. తక్కువ పెడితే గుండ్రాల మీద దిశ మారే చోట మెట్టు పడుతుంది. ట్యూనింగ్ చేసే ముందు లూబ్ డిస్ట్రిబ్యూటర్లు మార్చి, ప్రతి పాయింటుకూ నూనె వస్తోందని కళ్లతో చూడాలి. పొడి స్లైడు మీద చేసిన ట్యూనింగ్ నూనె వచ్చాక పనికిరాదు.

పాత కార్డులు, డ్రైవ్‌లు, మోటార్లను అంగీకార పరీక్ష సంతకం అయ్యేదాకా మీ దగ్గరే ఉంచండి. తర్వాత కొనేవాళ్లు దొరుకుతారు. అదే కంట్రోల్‌తో ఇంకా నడుస్తున్న షాపులకు అవే విడిభాగాలు, కాబట్టి పనిచేస్తున్న కార్డును తుక్కు కిలో లెక్కన అమ్మకండి.